చూడకుండా నడిచిన దారి

మా ఊళ్ళో మగవాళ్ళకి యాభై వచ్చేసరికి చూపు పోతుంది. ఇది మాకు కొత్త సంగతేమీ కాదు. మా నాన్నకి పోయింది, మా మామగారికి పోయింది, మా ఆయన లియోన్సియోకి యాభై నిండకుండానే పోయింది. మొదట పక్కలు చీకటి పడతాయట. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త వెలుగు మిగులుతుందట. కొన్నాళ్ళకి అదీ మూసుకుపోతుంది. ఒకసారి రాజధాని లీమా నుంచి డాక్టర్లు వచ్చి అందరి దగ్గరా రక్తం తీసుకున్నారు. ఇది తల్లుల నుంచి కొడుకులకి దిగే జబ్బు, ఆడవాళ్ళ కళ్ళకేమీ కాదు, మందు మాత్రం లేదు అని చెప్పారు. మేం వాళ్ళకి బుట్ట నిండా పీచ్ పళ్ళు పెట్టి పంపించాం.

చూపు పోయినంత మాత్రాన మా వైరాకోతో ఊరి మగవాళ్ళు ఇంట్లో కూర్చోరు. మా పీచ్ తోటలన్నీ లోయకి అవతల ఉన్నాయి. అక్కడికి పోవడానికి కొండని ఒరుసుకుంటూ ఒక కాలిబాట ఉండేది. ఎడమ పక్క రాయి. కుడి పక్క ఏమీ ఉండదు, బాగా కింద ఏరు. మగవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరసగా నడిచేవాళ్ళు. ముందు సతుర్నీనో తాత. ఊళ్ళో అందరికన్నా ముందు గుడ్డివాడైనది ఆయనే. కర్రతో రాతిని కొట్టి, ఆ చప్పుడుని బట్టి "అత్తి చెట్టు వేరు, కాలెత్తండి", "ఇక్కడ పగులుంది, పెద్ద అడుగెయ్యండి" అని చెబుతూ పోయేవాడు. వెనకవాళ్ళు అలాగే చేసేవాళ్ళు. వాళ్ళలో ఎవరికీ ఎప్పుడూ కాలు జారలేదు. ఆ బాట మీద భయపడి పాకుతూ వెళ్ళేది కళ్ళున్నవాళ్ళం మేమే.

ఆ రోజు పళ్ళు కొయ్యడానికి పోవాలి. రాత్రంతా వాన కుండపోతగా కురిసింది. తెల్లారేసరికి వాన ఆగింది కానీ లోయలోంచి పొగమంచు లేచింది. మామూలు మంచు కాదు. వంటగది గుమ్మంలో నిలబడి చెయ్యి చాస్తే మోచేతి దాకానే కనిపించింది, ఆ పైన నా చెయ్యి నాది కానట్టు మాయమైపోయింది.

మా ఇల్లూ, మా మరిది అబెలీనో ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. వంటగది మాత్రం రెండిళ్ళకీ ఒకటే. అబెలీనో మా ఆయనకన్నా బాగా చిన్నవాడు. అప్పటికి వాడికి చూపు పోవడం మొదలైంది. పెళ్ళాం మౌరాకి తెలియకూడదని తంటాలు పడేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఒకరు లేకుండా ఇంకొకరు ముద్ద ముట్టకుండా బతికేవాళ్ళు.

"చూశావా అక్కా," అంది మౌరా, ఉడికించిన బంగాళాదుంపలూ జున్నూ మూటగడుతూ. "నిన్న మళ్ళీ గుమ్మానికి గుద్దుకున్నాడు. ఏంటయ్యా అంటే, గుమ్మమే అడ్డొచ్చిందంట."

"వచ్చింది మరి," అన్నాడు అబెలీనో నుదురు తడుముకుంటూ. "వదినా, ఇవాళ నాకు పండగ. ఈ మంచులో మీకూ నాకూ తేడా లేదు."

"ఈ మంచులో పోకపోతే ఏం? పళ్ళు ఎక్కడికీ పారిపోవు."

"వానకి రాలిపోతాయి మౌరా. సాయంత్రానికి వచ్చేస్తాంగా." వాడు ఆవిడ జడ పట్టుకుని చిన్నగా లాగాడు. ఆవిడ చేతి మీద ఒక్కటిచ్చింది. వాళ్ళిద్దరినీ అలా కలిపి చూడ్డం నాకదే ఆఖరు.

బాట మొదట్లో మగవాళ్ళంతా అప్పటికే వరస కట్టారు. నేను అన్నం మూట వీపుకి కట్టుకుని తడబడుతూ వస్తుంటే సతుర్నీనో తాత నా చెప్పుల చప్పుడు పట్టేశాడు.

"ఎవరూ, ఎర్మెలిందానా? రామ్మా రా. కళ్ళున్న తల్లివి, ఇవాళ నువ్వే ముందు నడు."

"ఎందుకు తాతా ఎగతాళి!"

"అయితే మొగుడి భుజం పట్టుకో. ఇవాళ్టికి నువ్వూ మాలో మనిషివే."

అందరూ నవ్వారు. లియోన్సియో భుజం మీద చెయ్యేశాను. నా వెనక అబెలీనో నా భుజం పట్టుకున్నాడు. వరసలో వాడే ఆఖరు. తాత కర్ర టక్కుమంది. కదిలాం.

కొంత దూరం మామూలుగానే నడిచాం. మంచు మొహానికి తడిగుడ్డలా అంటుకుంటోంది. కింద ఏరు ఎప్పటికన్నా పెద్దగా రొద పెడుతోంది. ఎక్కడినుంచో పచ్చిమట్టి వాసన... దున్నిన చేలో వచ్చే వాసన కాదు, చాలా లోతులోంచి, ఎండ ఎరగని మట్టిని తవ్వితే వచ్చే వాసన. ఎడమచేత్తో కొండరాయిని తడుముకుంటూ పోతున్నాను. రాయి మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి, నాచు జారుతోంది.

ఉన్నట్టుండి చేతికి తడి తగలడం మానేసింది.

రాయి పొడిగా ఉంది. రాత్రంతా వాన కొట్టిన రాయి... పొడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది, మధ్యాహ్నం ఎండలో కాగినట్టు. నేను చెయ్యి తీసి మళ్ళీ పెట్టాను. అదే వెచ్చదనం. అప్పుడు గమనించాను. ఏరు వినిపించడం లేదు. మట్టి వాసన లేదు. మా అడుగుల చప్పుడు కూడా లేదు. ఇంతమందిమి నడుస్తున్నాం, ఒక్క గులకరాయి కదలడం లేదు.

"ఏమయ్యా," అన్నాను మెల్లగా. "ఏరేమైంది?"

లియోన్సియో భుజం నా చేతికింద కర్రలా బిగుసుకుంది.

"మాట్లాడకు. తాత మాట వినపడదు."

"అత్తి చెట్టు వేరు... కాలెత్తండి," అన్నాడు తాత. ఎప్పుడూ అనే మాటే. కానీ గొంతు చాలా దూరంనుంచి వచ్చింది, గోడకి అవతల ఎవరో మాట్లాడినట్టు. కాలెత్తాను. నా పాదం కింద అత్తి వేరు తగిలింది. అది కూడా పొడిగానే ఉంది.

ఎంతసేపు నడిచామో చెప్పలేను. మళ్ళీ ఒక్కసారిగా ఏటి రొద చెవుల్లో పడింది. రాయి తడిగా, చల్లగా తగిలింది. చెప్పుల కింద గులకరాళ్ళు కరకరలాడాయి. ఎదురుగా ఎక్కడినుంచో, రాలిన పీచ్ పళ్ళ పులిసిన వాసన. తోట రాతిగోడ దగ్గరికి వచ్చేశాం. తాత "చేరాం" అన్నాడు. మగవాళ్ళు వరస విడిపోయి బుట్టలు దించుతున్నారు.

నా భుజం మీద చెయ్యి లేదు.

"అబెలీనో?"

"ఇక్కడే ఉన్నా వదినా." గొంతు వెనకనుంచి, కొంచెం దూరంగా. "చెప్పు ఊడింది, కట్టుకున్నా. నువ్వు మాట్లాడుతూ ఉండు, నీ గొంతు పట్టుకుని వచ్చేస్తా."

అప్పుడే లోయలోంచి గాలి లేచింది. మంచు పాత దుప్పటిలా నిలువునా చిరిగింది. నేను వెనక్కి తిరిగాను.

బాట లేదు.

నా మడమ దగ్గర మొదలై అవతలి ఒడ్డు దాకా కొండ సగం ఊడిపోయి ఉంది. కోసిన మాంసంలా ఎర్రటి మట్టి, నిలువుగా, ఏటి దాకా. అత్తి చెట్టు లేదు, పగులు లేదు, రాయి లేదు. ఆ ఖాళీకి మధ్యలో, గాలిలో, అబెలీనో నడుస్తున్నాడు. కుడిచెయ్యి నా భుజం ఉండాల్సిన ఎత్తులో చాచి ఉంది. చూపు ఎలాగూ పనికిరాదని కాబోలు, కళ్ళు మూసుకున్నాడు. వాడి మొహంలో భయం లేదు. చిన్నగా నవ్వుతున్నాడు కూడా.

నేను చూస్తుండగానే వాడి కాలు కిందకి దిగింది. బురదలో దిగబడినట్టు, మడమ దాకా... ఆ పైకి... నవ్వు ఆగిపోయింది. "వదినా?" అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

ఎందుకు మూసుకున్నానో నాకిప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఆలోచించే వ్యవధి లేదు. రెప్పలు వాటంతటవే పడ్డాయి. పడిన మరుక్షణం, మెత్తగా, గులకరాయి మీద చెప్పు చప్పుడు. ఇంకొకటి. నడుస్తున్నాడు.

"ఇటు రా అబెలీనో," అన్నాను. "నా వైపు. తిన్నగా. కళ్ళు తెరవకు. నేనూ తెరవను."

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. రా నాయనా. దగ్గరికొచ్చేశావు."

చాలా దగ్గరికొచ్చాడు. వాడి ఊపిరి వినిపించింది. వాడి ఒంటి మీద గొర్రెబొచ్చు కోటు తడిసిన వాసన నాకు తగిలింది. చెయ్యి చాచాను. వాడి వేళ్ళ చివరలు నా వేళ్ళ చివరలకి తగిలాయి.

"అబెలీనో!"

ఆ కేక అవతలి ఒడ్డునుంచి. మౌరా. కొండ కూలిందని కింది ఇళ్ళవాళ్ళు చెబితే పరిగెత్తుకుంటూ వచ్చింది. "అబెలీనో! కింద! కింద చూడు!"

నా వేళ్ళ దగ్గర ఏమీ లేదు.

అరుపు లేదు. రాళ్ళు దొర్లిన చప్పుడు లేదు. కింద ఎక్కడో దభీమని పడిన చప్పుడూ లేదు. గాలి ఒక్కటే. నేను కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి, అలాగే నిలబడ్డాను. లియోన్సియో వచ్చి ఆ చేతిని కిందకి దించేదాకా నిలబడే ఉన్నాను. అవతలి ఒడ్డున మౌరా ఏడుపు మొదలుపెట్టి చాలాసేపయింది.

*

ఇంటికి కొండ చుట్టూ తిరిగి వచ్చాం. ఊరు చేరేసరికి పొద్దు గూకింది. మర్నాటినుంచి ఏట్లో, బురదలో వెతికారు. ఊళ్ళో కుర్రాళ్ళంతా తాళ్ళు కట్టుకుని దిగారు. మనిషి దొరకలేదు. చెప్పు దొరకలేదు. బుట్ట దొరకలేదు.

జిల్లా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. మౌరా ముందు టోపీ తీసి నిలబడ్డాడు. విరిగిన చోటు చూసి, కొండ వాన మధ్యలోనే కూలిందనీ, కూలిన మట్టి మీద తరవాత కురిసిన వాన చారలున్నాయనీ చెప్పాడు. కింది ఇళ్ళవాళ్ళు కూడా రాత్రే విన్నామన్నారు, ఉరుమనుకున్నారట.

"అంటే మీరు బయల్దేరేసరికే బాట లేదమ్మా," అన్నాడు నాతో.

"మేం దాని మీదే నడిచాం."

"వేరే దారేదైనా..."

"ఉన్నది చుట్టుదారే బాబూ, దానికి పూటంతా పడుతుంది. ఆ పొద్దున మేం అటు పోలేదు."

ఆయన నా వైపు చూసి, గుడ్డివాళ్ళ వైపు చూసి, టోపీ పెట్టుకున్నాడు.

ఎండ పడే గోడకి ఆనుకుని కూర్చున్న సతుర్నీనో తాతకి మాత్రం కోపం వచ్చింది. "లేదంటాడేమిటి లేదని! నా కర్రకి రాయి తగిలింది. వేరు తగిలితే కాలెత్తమన్నాను, అందరూ ఎత్తారు. ఇంతమంది కాళ్ళు అబద్ధం, ఆ ఒక్కడి కళ్ళు నిజమా?"

"మరి అబెలీనో ఏడీ తాతా?" అన్నాడు లియోన్సియో.

మాలో మనిషి పోతే ఐదో రోజున పోయినవాళ్ళ బట్టలు ఏట్లో ఉతుకుతాం. మౌరా ఉతకనివ్వలేదు. వాడి చొక్కాలన్నీ ఒళ్ళో పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు వెళ్ళిపోయాక, తల ఎత్తకుండా అడిగింది.

"అక్కా, నువ్వు చూశావు కదూ."

"చూశాను."

"గాలిలో ఉన్నాడు కదూ. నేను పిచ్చిదాన్ని కాదు కదూ."

"కాదు."

"నువ్వు చూసినప్పుడు పడలేదే మరి?"

అబద్ధం ఆడదామనుకున్నాను. నోరు రాలేదు. "దిగబడుతుంటే కళ్ళు మూసుకున్నాను."

మౌరా నా వైపు చూసింది. ఆ చూపుకన్నా తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది.

"మూసుకుంటే సరిపోయేదా?" అంది. "అంతేనా అక్కా? నాకెవరూ చెప్పలేదే."

పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు.

మర్నాడు తిన్నగా సతుర్నీనో తాత దగ్గరికి పోయింది. నేను వెంట ఉన్నాను.

"తాతా, నీ చెవులు పాముకన్నా చురుకంటారు. నా మొగుడు పడినప్పుడు ఏం విన్నావు?"

తాత నములుతున్న కోకా ఆకుని బుగ్గలోకి నెట్టాడు. "పడ్డం వినలేదమ్మా. అడుగులు విన్నాను. వస్తూ వస్తూ ఆగిపోయాయి. అంతే."

"ఆగిపోయాయా?"

"మనిషి నిలబడిపోతే ఎలా ఆగుతాయో అలా."

"అంటే ఇంకా నిలబడే ఉన్నాడా?"

నేను తాత మోకాలు నొక్కాను, ఊరుకొమ్మని. ఆయన ఊరుకున్నాడు. అదే తప్పయింది. లేదని అనవలసింది.

*

ఆ తరవాత చాన్నాళ్ళు ఎండలే. మౌరా పొద్దున లేవగానే ఆకాశం చూసేది. మబ్బు లేకపోతే మొహం మాడ్చుకుని పనిలో పడేది. నాకు అర్థమైంది కానీ అర్థం కానట్టు తిరిగాను.

ఒక రోజు మధ్యాహ్నం, నేను మొక్కజొన్నలు వేయిస్తుండగా, మూకుడులోని పొగ బయటికి పోకుండా గుమ్మం దగ్గరే ఆగింది. తల తిప్పి చూస్తే గుమ్మం అవతల తెల్లగా ఉంది. మంచు.

"మౌరా?"

పలకలేదు. మూకుడు కింద పడేసి పరిగెత్తాను.

బాట విరిగిన చోట నిలబడి ఉంది. కళ్ళకి అబెలీనో మెడగుడ్డ గట్టిగా కట్టుకుంది. మంచులో మొదట ఆ ఎర్రగుడ్డే కనిపించింది నాకు. ఆవిడ కాలివేళ్ళు అంచు దాటి ఉన్నాయి. వెనకనుంచి ఆవిడ శాలువా కొంగు రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇంటికి పద. పద మౌరా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కళ్ళు మూసుకో అక్కా."

"వద్దు..."

"నువ్వు చూస్తూ ఉంటే ఎలా వస్తాడు? మూసుకో."

మూసుకున్నాను. ఆవిడ పెద్దగా కేక పెట్టలేదు. పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలిచినట్టు పిలిచింది.

"అబెలీనో. అన్నం చల్లారిపోతోంది."

ఏటి రొద ఆగిపోయింది.

చుట్టూ ఏ చప్పుడూ లేదు. నేను ఆనుకుని నిలబడిన రాయి వెచ్చబడుతోంది... మెల్లగా, పొయ్యి మీద పెట్టిన కుండలా. అప్పుడు, ముందునుంచి, కొంచెం దూరంగా...

"వస్తున్నా మౌరా. వదిన గొంతు వినపడక ఆగిపోయాను."

అది అబెలీనో గొంతే. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

శాలువా బిగిసింది. మౌరా ముందుకి అడుగేస్తోంది. నేను బలంకొద్దీ వెనక్కి లాగాను.

"వదులక్కా."

"వదల్ను!"

"కింద నేల ఉంది. కాలు ఆనింది. వదులు."

అప్పుడు తెలిసింది నేనెంత ఇరుకులో పడ్డానో. కళ్ళు తెరిస్తే అక్కడ బాట ఉందో లేదో తెలిసిపోతుంది. లేకపోతే, అప్పటికే ఆ ఖాళీ మీద కాలు పెట్టిన ఆవిడ పడిపోతుంది. తెరవకపోతే ఆవిడ వెళ్ళిపోతుంది. ఎవరి దగ్గరికి వెళుతుందో నాకు తెలియదు. రెప్పలు ఎంత గట్టిగా బిగించానంటే నొప్పికి నీళ్ళు కారాయి. "మౌరా, ఒట్టు, రా వెనక్కి," అంటూనే ఉన్నాను. శాలువా నా చేతుల్లో ఒక్కసారి ఊగింది. తరవాత బరువు లేదు. ఆవిడ దాన్ని భుజాలమీంచి జార్చేసింది.

అడుగులు దూరమయ్యాయి. గులకరాళ్ళ మీద, నింపాదిగా. తరవాత మాటలు... ఆవిడది ఒక మాట, వాడిది ఒక మాట, నాకు అందనంత మెల్లగా. తరవాత నవ్వు. మౌరా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు విని నేనూ ఏడుస్తూ నవ్వాను.

తరవాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

"పద అక్కా. ఇంటికి పోదాం," అంది మౌరా.

"వచ్చావా? నిజంగా వచ్చావా?"

"ఇప్పుడే తెరవకు. ఆయన నా వెనక ఉన్నాడు."

ఊరి దాకా కళ్ళు మూసుకునే నడిచాను. నా ముందు మౌరా. వెనక ఇంకొకరి అడుగులు... ఒక చెప్పు వదులుగా ఉన్నవాడి అడుగులు, టప్పు టప్పుమంటూ. వంటగది గుమ్మం దాటాక తెరిచాను. మౌరా నా ఎదురుగా ఉంది. పాదాలకి బురద అంటుకుని ఉంది. కళ్ళకి ఎర్రగుడ్డ అలాగే ఉంది. వెనక ఎవరూ లేరు.

*

ఆ గుడ్డ ఆవిడ మళ్ళీ విప్పలేదు. దానితోనే వండుతుంది, ఊడుస్తుంది, నీళ్ళు తెస్తుంది. ఎక్కడా తట్టుకోదు. ఊళ్ళోవాళ్ళు ముందు జాలిపడ్డారు, తరవాత అలవాటు పడ్డారు. గుడ్డివాళ్ళ ఊళ్ళో ఒక గుడ్డిది ఎక్కువైతే ఏముంది?

సాయంత్రం భోజనాల దగ్గర ఒక పళ్ళెం ఎక్కువ పెడుతుంది. నేను చూస్తున్నంతసేపూ దాంట్లో పులుసు అలాగే ఉంటుంది. నేను పొయ్యి వైపు తిరిగితే చెంచా చప్పుడవుతుంది. మొదట్లో లియోన్సియో ఎంత సంతోషించాడో చెప్పలేను. చీకటి పడకుండానే వంటగదిలోకి వచ్చి కూర్చునేవాడు. ఇద్దరన్నదమ్ములూ చిన్నప్పటి గొడవలన్నీ తవ్వుకునేవాళ్ళు. మా ఆయన మాటలు నాకు మామూలుగా వినపడేవి. వాడివి మాత్రం నేను కళ్ళు మూసుకుంటేనే. నేను అప్పుడప్పుడూ మూసుకునేదాన్ని. వాడు "వదినా, ఉప్పు తక్కువైంది" అనేవాడు. చూస్తే నిజంగానే తక్కువయ్యేది. ఇంతకన్నా నిజం ఏం కావాలి అనుకున్నాను. నలుగురం కలిసి తింటున్నాం. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ ఇంజనీరు వచ్చి మాకేం చెప్పగలడు?

కొన్నాళ్ళకి లియోన్సియో మాట తగ్గించాడు. తమ్ముడు పలకరిస్తే ఊ కొట్టేవాడు. ముద్ద చేతిలో పట్టుకుని, తల ఒక పక్కకి వంచి, ఏదో వింటూ ఉండేవాడు. తరవాత వంటగదిలోకి రావడమే మానేశాడు. పళ్ళెం గుమ్మం బయటికి తెచ్చిమ్మనేవాడు.

నిన్న సాయంత్రం పళ్ళెం ఇవ్వబోతే నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగాడు. చేతులు చల్లగా ఉన్నాయి.

"లిందా, లోపల ఎవరున్నారు?"

"ఎవరుంటారు? మౌరా. నీ తమ్ముడు."

"నా పక్కన పడుకుని పెరిగాడు వాడు," అన్నాడు లియోన్సియో, నాకే వినిపించేంత చిన్నగా. "వాడు నిద్రలో ఎలా ఊపిరి తీస్తాడో, నవ్వేముందు ఎలా తీస్తాడో, అబద్ధం చెప్పేముందు ఎలా తీస్తాడో నాకు తెలుసు. ఇన్నాళ్ళుగా వింటున్నాను. లేదు."

"ఏం లేదు?"

"మాట వస్తోంది. నవ్వు వస్తోంది. మధ్యలో ఊపిరి తీసుకోవడం లేదు."

గుమ్మం పట్టుకున్నాను. "మౌరాకి చెప్పాలి," అన్నాను. "ఏదో ఒకటి చేసి ఆ గుడ్డ విప్పించాలి..."

"మౌరాకా?" ఆయన నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "లిందా, నువ్వు ఆవిణ్ణి అక్కణ్ణుంచి తీసుకొచ్చిన రోజునుంచీ... ఆవిడదీ వినపడటం లేదు."

నేను వంటగదిలోకి చూశాను.

మౌరా నాకు ఓరగా వీపు పెట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. మంట ఆరిపోయింది. ఊదుగొట్టం నోటికి ఆనించి ఊదుతోంది. బుగ్గలు పూరించి, ఒళ్ళంతా కదుపుతూ, బలంగా, మళ్ళీ మళ్ళీ... గొట్టం చివర నిప్పు రంగు మారలేదు. నిప్పు మీద బూడిద రేణువంత కూడా లేవలేదు.

ఊదడం ఆపింది. వెనక్కి తిరగలేదు.

"అంతలా చూడకక్కా," అంది.